పెత్రమాస విస్తరి

"స్నేహలతక్కా, జర తలుపు తియ్యి. నేను, ఇషితను."

లోపల టీవీ ఆగిపోయింది. కిటికీ సందులోంచి చూసిన స్నేహలత గబుక్కున వెనక్కి తగ్గింది.

"పలుకకు," అన్నాడు ఆమె భర్త సన్నగా. "పెత్రమాసనాడు పొద్దుగూకినంక సచ్చినోళ్లు పిలిస్తె పలుకొద్దు."

గొళ్లెం పడింది. మెదక్‌లో పొద్దుటి నుంచీ ముసురు. ఇషిత జడలోంచి నీళ్లు కారి గడప ముందు మడుగు కట్టాయి.

గల్లీ మొదట్లో ఆమె ఫోటోతో పెద్ద ఫ్లెక్సీ ఉంది. 'మా ఆడబిడ్డకు న్యాయం కావాలి.' ఇక్కడ తిరిగిన రోజుల్లో ఆమె పేరు సరిగా పలికినవాళ్లే తక్కువ. ఇప్పుడు ఆ పేరుతో ఒక యువజన సంఘమే ఉంది.

కింది గల్లీ ఆటోడ్రైవర్ షారూఖ్ ఆమెను తీసుకుపోయి చెరువులో తోశాడని పై గల్లీ అంటుంది. పరువు కోసం కన్నతండ్రే చంపి నింద షారూఖ్ మీద వేశాడని కింది గల్లీ అంటుంది. రెండేళ్ల కింద చెరువులో తేలిన శవానికి ముఖం లేదు. తండ్రి రాంచందర్ శవం మెడలోని గొలుసు చూసి "నా బిడ్డే" అన్నాడు. ఆ ఒక్క మాట దగ్గర మాత్రం రెండు గల్లీలకూ పేచీ లేదు. మిగతా అన్నిటికీ కొట్టుకున్నారు, దుకాణాలు తగలబెట్టుకున్నారు.

ఇషిత అందరికన్నా ముందు షారూఖ్ తల్లి ఖతీజా దగ్గరికే వెళ్లి వచ్చింది. ఆమె ఒకసారి చూసి, కళ్లు మూసుకుని దువా చదవసాగింది. ఎంత పిలిచినా ఆ కళ్లు తెరుచుకోలేదు.

ఇక మిగిలింది సొంతిల్లు. పోయినవాళ్లు వచ్చి తింటారని ఆ సాయంత్రం తలుపు ఓరగా ఉంచారు. దండ వేసిన ఇషిత ఫోటో ముందు విస్తరిలో గారెలు, బూరెలు, పప్పన్నం. కౌసల్య దీపం వత్తి సవరిస్తోంది.

"అమ్మా."

కౌసల్య చెయ్యి ఆగింది. తల మాత్రం తిప్పలేదు.

"రేపు షారూఖ్‌కు శిక్ష ఏస్తరంట. నన్ను బస్టాండ్‌ల దించి పోయిండు, గంతే. నా మాట ఎవ్వరు ఇంటలేరు. నువ్వన్న జెప్పు."

"తిను," అంది కౌసల్య ఫోటోతో అన్నట్టుగా. "తిని పో."

"వాడు జైల్లనే ముసలోడైతె నాకు శాంతి యాడుంటది?"

"నీ పేరు మీద గల్లీ మొత్తం ఒక్కటైంది. మీ బాపు కౌన్సిలర్ అయిండు. గిప్పుడు గా కథ అబద్ధమంటె కాలిన దుకాన్లకు ఎవరు జవాబు జెప్పాలె? మీ బాపును జైల్ల కూసోపెట్టాల్నా?"

ఇషితకు ఏడుపు పొంగుకొచ్చింది. కన్నతల్లి కూడా ఇంతేనా అనిపించింది.

వెనకగదిలోంచి రాంచందర్ వచ్చాడు. ఆమెను చూశాడు. అందరి ముఖాల్లో కనబడ్డ భయం ఆయన ముఖంలో లేదు. పక్క నుంచి నడిచిపోయి వీధి తలుపు మూసి గడియ పెట్టాడు.

"ఎవ్వరన్న చూసిండ్రా?"

"చూసిండ్రు," అంది ఇషిత. "ఎవ్వరు పలుకలే."

"మంచిది," అన్నాడాయన.

కౌసల్య అప్పుడు తల తిప్పింది. కళ్లనిండా నీళ్లు.

"హైదరాబాద్‌లనే ఉండుమని ఫోన్ల ఎన్నిసార్లు జెప్పిన బిడ్డా."