మొదటి రెండు వాక్యాలు

“అక్కా, ఇది బ్లాగు పోస్టా, రైలు ప్రకటనా?”

ఎంక్వయిరీ కౌంటర్ అమ్మాయి ఫోను తిరిగి అనౌన్సర్ చేతిలో పెట్టేసింది. స్టేషన్‌లో బండ్ల రాకపోకలు మైకులో చెప్పే ఆమె, కుస్తీ పట్టి రాసిన పోస్టు అది. ‘జీవితంలో కష్టాలు సహజమని యువత గ్రహించాలని మనవి’ అంటూ మొదలైంది.

“ఏం, తప్పులున్నాయా?”

“ఒక్కటీ లేదు, అదే గొడవ. ‘గ్రహించాలని మనవి’ అంటే ఎవరు చదువుతారక్కా? ఏ ప్లాట్‌ఫామో కూడా చెప్పేస్తే సరిపోయేది.”

ఇంకెప్పుడైనా అయితే ఆమె నవ్వేదే. ఇప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆమె కూతురు నర్సు. తండ్రి పోయాక తల్లీకూతుళ్లు ఇద్దరే మిగిలారు. చలికాలంలో ఆ పిల్ల పనిచేసే వార్డులో ఒక పసిబిడ్డ ఆమె చేతుల్లోనే ప్రాణం వదిలింది. నీ తప్పేమీ లేదని డాక్టర్లందరూ చెప్పారు. కూతురు నమ్మలేదు. ఉద్యోగం మానేసింది, స్నేహితులను వదిలేసింది, చివరికి తన గదిలో గడియ పెట్టుకుని తల్లితోనూ మాట మానేసింది. ఫోన్ చేస్తే ఎత్తదు. మెసేజ్ పెడితే చూడదు.

“గది తలుపు కొట్టలేకపోయావా అక్కా?”

“ఎన్నిసార్లు కొట్టానో. తీయదు.”

కూతురు ఇంకా వదలనిది ఒక్కటే, ఈ ఎంక్వయిరీ అమ్మాయి బ్లాగు చదవడం. ప్రయాణికులు కౌంటర్ దగ్గర అడిగే చిత్రమైన ప్రశ్నల గురించి నవ్వు పుట్టించేలా రాస్తుంది ఆ అమ్మాయి. మొన్నటి పోస్టు కింద కూడా కూతురి పేరుతో ఒక లైకు కనిపించింది. అది చూసిన దగ్గర్నుంచీ తల్లికి ఒకటే ఆరాటం. అందులో తను రాస్తే?

“నీ పేరు లేకుండా పెడతాను,” అంది అమ్మాయి. “కానీ మొదటి రెండు వాక్యాల్లో పట్టుకోకపోతే వేలితో ఇలా తోసేసి పోతుంది. నీతులు చెప్పకు. అవి ఇప్పటికే బోలెడు విని ఉంటుంది.”

“మరేం రాయను?”

“నీకు జరిగింది రాయి. ఎవరికీ చెప్పనిది.”

“నాకేం జరుగుతుందే? వస్తాను, మైకులో అరుస్తాను, వెళ్తాను.”

“డ్యూటీ దిగాక కూడా ఆ చివరి బెంచీ మీద ఎందుకు కూర్చుంటావు మరి? నేను చూడట్లేదనుకున్నావా?”

ఆమె మైకు వైపు తిరిగింది. బటన్ నొక్కి, రాబోయే బండి గురించి తొణక్కుండా చెప్పింది. మైకు ఆపేసి, చేతుల్లో మొహం దాచుకుంది.

ఆ మధ్యాహ్నమే మళ్లీ రాసింది.

‘ఏ బండి ఎప్పుడొస్తుందో ఈ స్టేషన్‌లో అందరికీ నేనే చెబుతాను. పని అయ్యాక ఇంటికి వెళ్లడానికి మాత్రం నాకు ధైర్యం చాలదు. ఈ బండి పోయాక లేద్దాం, ఆ బండి పోయాక లేద్దాం అనుకుంటూ బెంచీ మీదే కూర్చుండిపోతాను. ఇంటి తలుపు తీయగానే ముందు చెవులు రిక్కిస్తాను. ఇద్దరు మనుషుల ఇంట్లో ఒక్క మనిషి చప్పుడే వినిపిస్తుంది. నా కూతురు చిన్నప్పుడు అన్నం తింటూ కూడా పాడేది. నోరు మూసుకుని తినవే అని కసిరేదాన్ని. ఇప్పుడు ఒక్క దగ్గు వినిపించినా చాలు. దాని బాధ పోగొట్టడం నాకు చేతకాదు. పక్కన కూర్చోవడం ఒక్కటే చేతనవును.’

ఈసారి అమ్మాయి ఎగతాళి చేయలేదు. మొదటి నుంచి మళ్లీ చదివింది.

“చివర్లో, అన్నీ సర్దుకుంటాయి తల్లీ అని ఒక మాట చేర్చనా?” అంది ఆమె.

“వద్దక్కా. ఇక్కడే ఆపెయ్.”

మర్నాడు ఉదయం పోస్టు వచ్చింది. ఆ రోజు ఆమెకు సెలవు. హాల్లో కుర్చీ కదలకుండా కామెంట్లు చూస్తూ కూర్చుంది. చదివి మా అమ్మకు ఫోన్ చేశానని ఒకరు రాశారు. మా అబ్బాయీ ఇంతేనని ఇంకొకరు. అక్షరాలు కాస్త పెద్దవి పెట్టమని ఒక పెద్దాయన. బండ్ల ఆలస్యం మీద మరొకాయన పేద్ద ఫిర్యాదే దంచేశాడు. కూతురి పేరు మాత్రం ఎక్కడా లేదు.

ఎంక్వయిరీ అమ్మాయి ఫోన్ చేసింది. “అక్కా, చూస్తున్నావా? నా పోస్టు ఒక్కటీ ఇంతమంది చదవలేదు!”

“అది చదివిందా?”

అమ్మాయి తడబడింది. “తెలియదక్కా.”

“ఇంతమంది నాకెందుకే?” మైకులో ఎన్నడూ వణకని గొంతు వణికింది. “లోకమంతా విని, దానికొక్కదానికే వినపడకపోతే నేనేం చెయ్యను? నాకింకేం తోచట్లేదమ్మా. ఉన్నదంతా ఇందులోనే పెట్టేశాను.”

ఫోను బోర్లించి పెట్టింది. ఏడుపు బయటికి వినిపించకుండా అరచేత్తో నోరు నొక్కుకుంది.

పక్కగది గడియ తీసుకుని, ఆ పోస్టు తెరిచి ఉన్న ఫోనుతో కూతురు బయటికొచ్చింది.