పదకొండు మంది అల్లూరులు

ఆగస్టు పదిహేను నాటకంలో అల్లూరి సీతారామరాజు ఒక్కడే ఉండాలి. బడికి పదకొండు మంది వచ్చారు. అందరికీ సినిమాలో లాంటి గడ్డం, చేతిలో విల్లు. తెల్లదొర వేషం కట్టాల్సిన గోవింద్ కూడా గడ్డం అంటించుకునే వచ్చాడు.

జెండా ఎగరేయడం అయిపోయింది. ఊరంతా చేపల వేట మానేసి వచ్చి నాటకం కోసం కూర్చుంది.

“దొర లేకుండా నాటకం ఎలారా?” అంది రాజకుమారి టీచర్.

“నాను దొర కట్టను. దొర సచ్చిపోతాడు టీచర్. మాయమ్మ వీడియో తీస్తాది,” అన్నాడు గోవింద్.

ఐదో తరగతి గౌరి లేచింది. “నాను కడతాను. కానీ దొర ఏటడిగినా ఈల్లు ఇచ్చీయాల.”

టీచర్ సరేనంది. గౌరి తన తండ్రి రెయిన్‌కోటు తొడుక్కుని కుర్చీలో కూర్చుంది.

“ఒరే గోవిందూ, పన్ను కట్టు.”

గోవింద్ సినిమా డైలాగు అందుకున్నాడు.

“డైలాగు తరవాత. జెండా కాడ ఇచ్చిన సాక్లెట్లు తే. అందరూ తేవాల.”

పదకొండు మందీ తెచ్చి ఆమె ఒళ్లో పోశారు. గౌరి ఒకటి విప్పి నోట్లో వేసుకుంది. ఇంకోటి విప్పింది.

“ఒసే, అది నాదే!” గోవింద్ విల్లు పారేసి మీదికి ఉరికాడు. మిగతా పదిమందీ వెనకే ఉరికారు.

వారం రోజుల రిహార్సల్లో ఎంత అరిచినా రాని కోపం వాళ్లకి ఇప్పుడొచ్చింది. రాజకుమారికి మాత్రం భయం వేసింది.

“గౌరీ, తిరిగి ఇచ్చెయ్యవే!”

గౌరి కుర్చీ ఎక్కి నిలబడింది.

“పన్ను తిరిగిచ్చీసిన దొర ఎవుడైనా ఉన్నాడేటి, టీచర్?”