నాలుగు రోజుల ఎర్రగీత

"మళ్ళీ ఎర్రగీతేనా?"

మేనేజరు గుమ్మంలో నిలబడే అడిగాడు. మాస్టారు తల తిప్పకుండానే ఈగను తోలినట్టు చెయ్యి ఊపారు.

"నాలుగొందల టెస్టుల్లో రెండొందల పన్నెండోది తప్పింది. ఎక్కడో పాత ముక్క మిగిలిపోయినట్టుంది. పట్టుకుంటాంలెండి."

"గురువారం వచ్చేసింది మాస్టారూ! మన సాఫ్ట్‌వేరు కొత్త వెర్షన్ ఎప్పుడంటూ మందుల షాపులవాళ్ళు నా ప్రాణం తోడేస్తున్నారు."

"నాకు మాత్రం సరదానా? ఈ ప్యాకేజీ బయటికెళితే నేనూ బయటపడదును. ఇంట్లో మూటాముల్లే కట్టుకుని కూచున్నాం."

మేనేజరు గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. పక్క కుర్చీలో, ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న ఆమె తలెత్తలేదు. కీబోర్డు మీద లేని దుమ్మును దులుపుతూ కూచుంది.

ఆఫీసులో చిన్నాపెద్దా అందరికీ ఆయన మాస్టారే. పదిమంది రాసిన కోడును ఒకచోట చేర్చి, టెస్టులన్నీ నడిపించి, ఏ షాపులోనైనా ఎక్కించుకునేలా ప్యాకేజీ కట్టే 'బిల్డు' ఆయన పని. అదంతా చేసేది ఆయన బల్ల కింద ఉన్న పాత మెషీను; ఏది తప్పినా తెర మీద ఎర్రగీత, అన్నీ కుదిరితే పచ్చగీత. దాని సెట్టింగుల ఫైలు ముట్టుకోవాలంటే టీములో అందరికీ హడలు. పిల్లల పెంపకంలో పదేళ్ళు ఇంటిపట్టునే ఉండిపోయి, నలభయ్యో ఏట బెరుకు బెరుగ్గా మళ్ళీ ఉద్యోగానికి వచ్చిన ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఫైలు చదవడం నేర్పింది ఆయనే.

"ఎర్రగీతలు వంద వస్తాయి అమ్మాయ్. మొదటిది చదువు చాలు. మిగతావన్నీ దాని వెనక ఏడుపులే" అనేవారు.

ఈ వెర్షన్ పంపిన రోజే ఆయన రిటైరవుతారు. సోమవారం ఉదయం ఆయన కాఫీకి వెళ్ళినప్పుడు, సగం తెరిచి ఉన్న ఆయన సొరుగు ఆమె కంటపడింది. లోపల గుండుసూది కూడా లేదు. చుట్టూ చూసి, సెట్టింగుల ఫైలు తెరిచింది. టెస్టులకు సాయపడే ఒక కోడు లైబ్రరీ వెర్షన్ దగ్గర నాలుగు తీసి మూడు పెట్టింది. ఒక్క అంకె. ఒక్క రోజు ఆగుతారని, అంతే.

బిల్డు ఆగింది. ఆయనా ఆగారు. ఆ సాయంత్రమే మాస్టారి భార్య ఆమెకు ఫోన్ చేసింది.

"పనైపోయిందా అమ్మడూ? ఈయన్ని అడిగితే విసుక్కుంటున్నారు."

"లేదు పిన్నిగారూ, చిన్న ఇబ్బంది వచ్చింది."

"సరేలే, నువ్వేం చేస్తావు పాపం! పెట్టెలో సర్దిన చొక్కా ఒకటి బయటికి తీస్తాలే. మా అక్క వాళ్ళ ఊళ్ళో మా కోసం గది కడిగించి కూచుంది. పెళ్ళిళ్ళయ్యాక ఇన్నేళ్ళకి ఇద్దరం ఒక్క ఊళ్ళో ఉండబోతున్నాం, చూడు."

ఆ మాట ముల్లులా దిగింది. మంగళవారం అందరికంటే ముందు వచ్చి మూడు తీసి నాలుగు పెట్టేసింది. పచ్చగీత కోసం గుండె చిక్కబట్టుకుని చూసింది. రాలేదు. ఇంకేదో టెస్టు తప్పింది. బుధవారం టెస్టులన్నీ గట్టెక్కాయి గానీ, ప్యాకేజీలో ఒక ఫైలు లేదని మెషీను మొండికేసింది. తాను పెట్టిన ఆ పాత వెర్షన్ వెళ్తూ వెళ్తూ ఎక్కడ ఏం చెరిపిందో ఆమెకు అంతు చిక్కలేదు. కూచుని ఫైలంతా వెతుకుదామంటే మాస్టారు కుర్చీ వదిలితేనా!

"నువ్వెందుకు కళ్ళు పాడుచేసుకోవడం? నేను చూస్తున్నాగా" అంటూ ఆమెను వేరే పనికి తరిమేవారు. నడుం పట్టేసినా లేచేవారు కాదు.

గురువారం మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీస్తుండగా మళ్ళీ ఫోన్.

"గిన్నెలు కూడా సర్దేశానమ్మడూ. రెండంటే రెండు గిన్నెలతో నెట్టుకొస్తున్నా. పిక్నిక్కులా ఉందిలే!" పిన్నిగారు నవ్వింది. అంతలోనే గొంతు తగ్గించింది. "ఈయన సరిగ్గా తినడం లేదు. ఇంటికొచ్చి ఆ మెషీన్ని తిట్టడం, గోడకేసి తిరిగి పడుకోవడం. నువ్వు పక్కనే ఉంటావుగా, కాస్త కనిపెట్టి ఉండు. నీమీదే భారం."

ఆమె తినకుండానే డబ్బా మూసేసి తిన్నగా మాస్టారి బల్ల దగ్గరికి వచ్చింది. గదిలో ఇంకెవరూ లేరు.

"మాస్టారూ, సోమవారం బిల్డు పాడుచేసింది నేను."

ఆయన వేళ్ళు కీబోర్డు మీదే ఆగిపోయాయి.

"మీరు వెళ్ళిపోతారంటే భయమేసింది. లైబ్రరీ వెర్షన్ మార్చాను. మర్నాడు పొద్దున్నే సరిచేశాను, నా పిల్లల మీద ఒట్టు. అయినా ఏదో ఒకటి తప్పుతూనే ఉంది. నేనేం చెరిపానో నాకే తెలీడం లేదు. మేనేజరుతో నేనే చెప్తాను. పిన్నిగారితో కూడా."

"కూచో."

"నన్ను తిట్టండి మాస్టారూ. నాలుగు రోజులుగా మీ నడుం విరగ్గొడుతున్నాను."

"కూచోమంటున్నానా!"

ఆమె కూచుంది. ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు. తుడిచి, పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నారు.

"మీ పిన్నికి ఏమీ చెప్పకు."

"ఎందుకు చెప్పకూడదు? పాపం, ఆవిడ ఇంకా తప్పు ఆ మెషీనుదే అనుకుంటోంది."

"నువ్వు అంకె మార్చిన సంగతి, నేను కాఫీ తాగొచ్చిన పది నిమిషాలకే చూశాను."

ఆమె నిర్ఘాంతపోయింది. "చూసి కూడా ఊరుకున్నారా?"

"ఊరుకోలేదు అమ్మాయ్. వెళ్ళాలంటే నాకూ భయమే."

ఆయన ఆమెకేసి చూడలేదు. బల్ల కింద మెషీనుకేసి చూస్తూ, వినిపించీ వినిపించనట్టు అన్నారు.

"మంగళవారం నుంచి పాడుచేస్తున్నది నేను."