వందో తప్పు

“ఆపు! దొరికింది! వెనక్కి తిప్పు!”

భూతద్దం అరుపుకి గేమ్ పార్లర్‌లో పక్క టేబుల్ మీద టీ ఒలికింది.

కన్నతల్లి ఏ పేరు పెట్టిందో గానీ, తప్పులు వెతికే కళ్ళని చూసి స్నేహితులు పెట్టిన పేరు భూతద్దం. ఆడేదీ, అడిగిన చోటికల్లా ఆటని వెనక్కి తిప్పేదీ ఓ అమ్మాయి. ఆ పిల్ల పేరు రివైండ్.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఈ స్నేహితుల అభిమాన సంఘానికి ఒకటే పని. ఓ అంతరిక్ష నౌక ఆట మూడు భాగాల్నీ ముందేసుకుని, ఒక భాగానికీ ఇంకో భాగానికీ పొంతన కుదరని చోట్లు పట్టుకోవడం. ఆటంటే వాళ్ళకి ప్రాణం. దాని ప్రాణం తీయడం ఇంకా ప్రాణం.

తొంభై తొమ్మిది తప్పులయ్యాయి. వంద నిండితే జాబితా కంపెనీకి వెళ్తుంది. కంపెనీ తప్పులు దిద్ది, ఆట చివర సంఘం పేరు వేస్తుంది.

“ఏం దొరికిందిరా?” అంది రివైండ్.

“నౌక మాట్లాడే ముందు ఊపిరి పీల్చింది! విను.”

తిప్పింది. నౌకది ఆడగొంతు. “తలుపు వేసుకోండి, బయట చలి” అంది. దానికి ముందు నిజంగానే ఓ చిన్న ఊపిరి.

“మొదటి రెండు భాగాల్లో పీల్చలేదు. యంత్రానికి ఊపిరితిత్తులేంటి? ఊపిరాడనంత తప్పు! వందోది!”

“అదొక్కటీ వదిలేయండి బాబూ.”

వెనక బెంచీ నుంచి గొడుగు బాబాయ్.

వీధి మలుపులో గొడుగులు బాగుచేస్తాడు. ఆట ఆడటం రాదు. “మీరాడుతుంటే చూస్తానమ్మా” అంటూ ప్రతి ఆదివారం వచ్చి కూర్చుంటాడు. మూడో భాగం చివరిదాకా చేరాలంటే రివైండ్ లాంటి వేళ్ళుండాలి మరి. ఎవరు ఏ తప్పు పట్టినా ఏదో ఒక సర్దుబాటు చెప్తాడు. పొద్దస్తమానం జనం గొడుగులు, ఆదివారం పూట తప్పులకి గొడుగు.

“ఎందుకు వదలాలి బాబాయ్?”

ఏదో చెప్పబోయి ఆగాడు. “ఏముంది... వినడానికి బాగుంటుంది.”

“బాగుందని మా జాబితాని తొంభై తొమ్మిది దగ్గర కుంటుపరచమంటావా?”

బాబాయ్ తల వంచుకున్నాడు.

తర్వాతి ఆదివారం కొంచెం హుషారుగా వచ్చాడు.

“యాసిడ్ వాన గ్రహం మీద కెప్టెన్ గొడుగు చూడండి. మొదటి భాగంలో ఎనిమిది పుల్లలు. మూడో భాగంలో ఏడే.”

రివైండ్ రెండు చోట్లకీ తిప్పింది. వేలు పెట్టి లెక్కపెట్టింది. నిజమే.

“మూడేళ్ళుగా చూస్తున్నాం, మనకి కనబడలేదేంటి?”

“పుల్లవిరుపు మాటలు మనవి, పుల్లల లెక్క బాబాయ్‌ది” అన్నాడు భూతద్దం.

“మీకు వంద కావాలిగా బాబూ. ఇది తీసుకుని అది వదిలేయండి.” బాబాయ్ చెయ్యి భూతద్దం మోచేతిని పట్టుకునే ఉంది.

“సరే బాబాయ్. మాటిస్తున్నా.”

ఆ సంతోషంలో, రివైండ్‌ది ఓ విరిగిన గొడుగుంటే అది కూడా బాగుచేస్తానని పట్టుకెళ్ళాడు.

ఆయన గుమ్మం దాటగానే భూతద్దం రివైండ్ చెవి కొరికాడు. “రెండూ పంపేద్దాం. వందకంటే నూటొకటి బరువు.”

“మాటిచ్చావుగా?”

“మాట తప్పడం కూడా తప్పే. నూట రెండోది రాసుకో!”

నెల తిరిగేసరికి దిద్దిన ఆట వచ్చేసి, పాతదాన్ని చెరిపేసింది. ఆ ఆదివారం బాబాయ్ ఎప్పటి చోటే కూర్చున్నాడు.

“తలుపు వేసుకోండి, బయట చలి.”

బాబాయ్ ముందుకి వంగాడు. “ఒక్కసారి వెనక్కి తిప్పమ్మా.”

తిప్పింది.

చెవిలో వేలు పెట్టి కదుపుకున్నాడు. “ఇంకొక్కసారి, తల్లీ.”

“నీ చెవులు బాగానే ఉన్నాయి బాబాయ్!” భూతద్దం తొడ కొట్టాడు. “దాని ఊపిరి తీయించేశాం!”

బాబాయ్ నవ్వబోయాడు. కుదరలేదు.

తెచ్చిన గొడుగు రివైండ్ పక్కన పెట్టాడు. “కొత్త పుల్ల వేశానమ్మా. గాలికి ఆగుతుంది.”

వెళ్ళిపోయాడు.

తర్వాత మూడు ఆదివారాలు వెనక బెంచీ ఖాళీ. వీధి మలుపులో గొడుగుల పెట్టె కూడా లేదు.

నాలుగో ఆదివారం, సంఘం పేరు చూసుకుందామని ఆట చివర పేర్లని మొదటిసారి కదలనిచ్చారు. ఇన్నేళ్ళూ మీట నొక్కి దాటేసినవే. తప్పులు చదివేవాళ్ళకి పేర్లు చదివే తీరికెక్కడిది?

సంఘం పేరు వచ్చింది. ఈలలు మోగాయి.

దాని వెనకే, మొదటినుంచీ అక్కడే ఉన్న పాత పంక్తులు:

‘నౌకకి గొంతిచ్చిన ఆమె, ఈ మూడో భాగం రికార్డింగ్ అయిన వారానికే కన్నుమూశారు. ఆయాసంతో పీల్చిన ఊపిరులన్నీ కత్తిరించాం. ఒక్కటి మాత్రం, ఆమె భర్త బతిమాలితే, అలాగే ఉంచాం.’

రివైండ్ వేలు ఆటని ఆపేసింది.

“ఉంచామనే రాశారు” అంది మెల్లగా. “తీయించింది మనం.”

“పాత క్లిప్పులున్నాయిగా!” భూతద్దం గబగబా ఫోన్ తీశాడు. “ఆ భర్త ఎవరో కనుక్కుని పంపిద్దాం.”

రుజువు కోసం ఆ ఊపిరి చోటుని ఆడుతూండగానే ఫోన్‌లో రికార్డు చేసి దాచినవి పదకొండు.

మొదటిది పెట్టాడు. ఊపిరి రావలసిన చోట తన గొంతే వచ్చింది. “దొరికింది!”

రెండోది. “అదిగో, విను విను!”

పదకొండింటిలోనూ ఆ చోట ఊపిరి లేదు. వాళ్ళ అరుపులే ఉన్నాయి.

ఎవరూ వెనక్కి తిప్పమనలేదు. రివైండ్ ఆటని ముందుకే కదిలించింది.

పంక్తులు పైకి జరిగాయి, కింద నుంచి ఓ ఫొటో వచ్చింది: మైకు ముందు బక్కచిక్కిన ఓ ఆడమనిషి కళ్ళు మూసుకుని నిలబడి ఉంది, పక్కన స్టూలు మీద, మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని, ముంజేతికి గొడుగు తగిలించుకుని, ఆమె తీసుకోబోయే ఊపిరి కోసం గొడుగు బాబాయ్ ఎదురుచూస్తున్నాడు.