గుడ్డ కమ్మలు కొనే మనిషి

“మీ ఇంటాయన పేరేందంటివి చెల్లె?”

“రాయమల్లు,” అంది సారక్క తడుముకోకుండా.

ఎదురుగా కూర్చున్న ఆమె మెల్లగా తల ఊపింది. పోయిన వారం కూడా ఇదే అడిగింది. అంతకు ముందు వారమూ ఇదే. ఎర్ర కమ్మల జత ఒకటి తీసుకుని, అడిగినంత ఇచ్చేసి, గోదావరిఖని ఆదివారం అంగడి రద్దీలో కలిసిపోయింది.

సారక్కది గుడ్డ గుండీల నగల దుకాణం. దుకాణమంటే నేల మీద పరిచిన గోనెపట్టా. దర్జీ బద్రుద్దీన్ పారేసే జాకెట్ ముక్కలను గుండ్రంగా కత్తిరించి, గుండీ మీద కప్పి, అంచు వెంట దారం నడిపి సంచి మూతిలా బిగిస్తుంది. వెనక కొక్కెం కుడితే కమ్మ, వరసగా గుచ్చితే దండ. చీర రంగుకు కలిసే నగ కంసాలి చేసివ్వలేడు కదా, అందుకని అమ్మలక్కలు ఎగబడతారు. ఎగబడతారు గానీ ఊరికే కొనరు. బేరమాడి బేరమాడి ప్రాణం తోడేస్తారు.

ఈమె మాత్రం బేరమాడదు. అద్దం ఇస్తే చూసుకోదు. కమ్మను చెవి దగ్గరికైనా తీసుకుపోదు. కొంగు కనుబొమల దాకా లాక్కుని కూర్చుని, సారక్క మొగుడి గురించి ఆరా తీస్తుంది. ఏ గనిలో చేస్తాడు? ఏ షిఫ్టు? పాణం మంచిగుంటదా?

“ఏందే సారక్కా, మొగని పేరు గట్ల పుటుక్కున అంటవు?” పక్కన గాజులమ్మే లతీఫున్నీసా గొంతు తగ్గించి అంది. “పెండ్లినాడు గడప కాడ నిలవెట్టి అడిగినా మీ ఆడోళ్ళు నోరిప్పరు. జర షరమ్ పడు. ఆమె కంపెనీ మనిషైతే గీ ఒక్క మాటతోనే పట్టుకుంటది.”

“గట్లంటవేంది ఆపా!”

“మరేంది? నేను చూస్తనే ఉన్న. కూరగాయలు కొనది, మిరపకాయలు కొనది. నీ కాడ కూసుంటది, సీదా బస్సు ఎక్కి పోతది. అంగడికి గట్ల ఎవలన్న వస్తరా?”

సారక్క బస్సు పోయిన దిక్కు చూసింది.

రాయమల్లు సారక్క మొగుడి పేరు కాదు. అతను కొమురెల్లి. గనిలో మాత్రం రాయమల్లు. ఆ పేరు గల అసలు మనిషి ఎవరో పరాయి ఊరివాడు. ఒక్కనాడు గనిలో దిగి బెదిరిపోయి, నౌకరీతో పాటు పేరు కూడా కొమురెల్లికి వదిలేసి ఇంటిదారి పట్టాడు. మళ్ళీ కనబడలేదు. అట్లా మారుపేర్లతో పనిచేసేవాళ్ళు గనుల్లో చాలామందే. ఇప్పుడు గని కంపెనీ వాళ్ళందరినీ ఏరి బయటికి పంపుతుందని కాలనీ అంతా పుకారు. పేరు పోతే నౌకరీ పోతుంది. నౌకరీ పోతే క్వార్టర్ పోతుంది. పిల్లలను తీసుకుని ఎక్కడికి పోవాలో సారక్కకు తెలియదు.

ఇంటికి వెళ్ళి చెప్తే కొమురెల్లి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“మళ్ళ అడిగితే జల్ది జల్ది చెప్పకు. జర సిగ్గువడు.”

“పరాయోని పేరు చెప్పనీకి నాకు సిగ్గెట్లొస్తదయ్యా?”

“తెచ్చుకో. నౌకరి ఉండాల్నా వద్దా?”

సారక్క వారమంతా సాధన చేసింది. గుండీలు కుడుతూ, బియ్యం చెరుగుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని “రాయమల్లు” అనుకుంది. ఎన్నిసార్లు అన్నా అది ఉప్పు, పప్పు అన్నట్టే వచ్చింది.

“సిగ్గు రాదయ్యా. గదే నీ అసలు పేరైతే… కొము…” అంటూనే ఆగిపోయి ముఖం తిప్పుకుంది.

“గదే! గట్లనే సిగ్గువడాలె,” అన్నాడు కొమురెల్లి. ఇద్దరికీ నవ్వొచ్చింది. అంతలోనే భయం గుర్తొచ్చి నవ్వు పోయింది.

ఆదివారం ఆమె రానే వచ్చింది. ఆకుపచ్చ కమ్మలు చేతిలోకి తీసుకుంది. వాటిని చూడకుండానే అడిగింది.

“మీ ఇంటాయన పేరేం చెప్తివి చెల్లె?”

సారక్క తల వంచింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గొణిగినట్టు అంది. “రా…య…మల్లు.”

ఆమె ముఖం చిన్నబోయింది.

“సిగ్గెందుకు చెల్లె? ఎప్పటి లెక్క గట్టిగ చెప్పు.”

ఇది ఉచ్చేనని సారక్కకు రూఢి అయింది. నలుగురి ముందు గట్టిగా చెప్పించి సాక్ష్యం పట్టుకుంటుందన్నమాట. అంతసేపూ అణుచుకున్న భయమంతా కోపమై నోటికొచ్చింది.

“ఎవలు పంపిన్రు నిన్ను? కంపెనోళ్ళేనా? మా పిల్లల నోట్ల మన్ను గొడితే నీకేమొస్తది?”

లతీఫున్నీసా కూడా గాజుల పెట్టె పక్కన పెట్టి లేచింది. “అవును, చెప్పు! ఎవలు నువ్వు?”

ఆమె గాభరాగా లేవబోయింది. కొంగు జారింది. నుదుట బొట్టు లేదు.

“నన్నెవ్వలు పంపలే చెల్లె,” అంది కళ్ళ నిండా నీళ్ళతో. “నా మనిషి పోయి ఏడాదైంది. గీ కమ్మలు నేనేం పెట్టుకుంట? నీ మాట ఇననీకొస్త. ఉత్తగ కూసుంటే లేవగొడ్తవని కొన్న. మీ ఇంటాయన నౌకరి సల్లగుండాలె. నేనెందుకు చెడగొడుత?”

సారక్క నాలుక కరుచుకుంది. మొగుడు పోయిన మనిషిని నడి అంగట్లో నిలబెట్టి అరిచినందుకు ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. చేయి పట్టుకుని కూర్చోబెట్టి, నీళ్ళ చెంబు అందించింది.

“తప్పైంది అక్కా. భయంతోని అన్న, మనసుల పెట్టుకోకు. మీ ఆయన పేరేంది?”

ఆమె నోరు తెరిచింది. పేరు దగ్గర ఆగిపోయింది. సారక్క వారమంతా సాధన చేసినా రాని సిగ్గు, ఆ ఏడుపు ముఖంలోకి దానంతటదే వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“నువ్వు చెప్పిన పేరే, చెల్లె.”