గడ్డకట్టకూడదు

"మళ్ళీ గడ్డకట్టింది డాక్టర్. పనికిరాదు. ఇంకో శాంపిల్ పంపండి" అన్నాడు ల్యాబ్ టెక్నీషియన్ ఫోన్లో.

"మళ్ళీ గడ్డకట్టిందా? రెండోసారయ్యా ఇది! ఇక్కడ బాలింతకి రక్తం ఆగట్లేదు. నీ రిపోర్టు వస్తేగాని పెద్ద డాక్టరు ఆపరేషన్ సంగతి తేల్చరు."

"నన్నేం చెయ్యమంటారు? నీలం మూత ట్యూబులో మందుండేదే గడ్డకట్టకుండా. రక్తం తీయగానే బాగా కలపమనండి మీ నర్సమ్మని."

డాక్టరమ్మ ఫోను పెట్టేసింది. నిన్నటి డ్యూటీ దిగకముందే ఇవాళ్టిది నెత్తికెక్కింది. తిట్టడానికి కూడా ఓపిక లేదు. తలుపు పక్కన నిలబడి ఆ మాటలు విన్న బాలింత అక్క ముఖం మాత్రం వెలిగిపోయింది.

"గడ్డకట్టిందా డాక్టరమ్మా? మా చెల్లి గట్టెక్కినట్టేనా?"

"కాదమ్మా. గడ్డకట్టకూడదు."

"అదేంటి? రక్తం ఆగాలంటే గడ్డకట్టాలి కదా?"

"ఒంట్లో కట్టాలి. ట్యూబులో కట్టకూడదు. కడితే పరీక్ష కుదరదు. పరీక్ష అయితేనే మీ చెల్లి సంగతి చెప్పగలను."

అక్కకి అర్థమైంది సగమే. ఆ సగాన్నే గట్టిగా పట్టుకుంది. "దేవుడా, ఈసారి గడ్డకట్టకుండా చూడు తండ్రీ" అని గోడవైపు తిరిగి దండం పెట్టుకుంది.

లోపల ఒకవైపు రక్తం ఎక్కుతోంది, ఇంకోవైపు పోతోంది. ఇప్పుడే మార్చిన దుప్పటి అప్పుడే తడిసింది. నర్సమ్మ హడావిడిగా మళ్ళీ రక్తం తీసి ల్యాబ్‌కి పంపింది. డాక్టరమ్మ కుర్చీలో కూలబడి కళ్ళు మూసుకుంది. ఎంతసేపు మూసుకుందో ఆమెకే తెలీదు. ఫోను మోగింది.

"డాక్టర్, ఈసారి ట్యూబే మారింది. ఎర్రమూతది పంపారు. అందులో మందుండదు."

డాక్టరమ్మ తల పట్టుకుంది. "ఖర్మ! మందు లేకపోతే కాసేపట్లో దానంతటదే గడ్డకట్టేస్తుంది. సరేలే, ఇంకోటి పంపిస్తాను."

"అది కాదు డాక్టర్..." అతని గొంతు తగ్గింది. "ఇందాకట్నుంచి చూస్తున్నాను. మొదటి రెండూ మందున్నా గడ్డకట్టాయి; ఇది మందు లేకపోయినా ఇంకా నీళ్ళలాగే ఉంది."

డాక్టరమ్మ దిగ్గున లేచింది. "గడ్డకట్టలేదా?"

తలుపు దగ్గర అక్క రెండు చేతులూ జోడించి కళ్ళకద్దుకుంది.

"హమ్మయ్య! దేవుడు నా మొర ఆలకించాడు."