కళ్ళజోడు తీసి చూడాలి

లంబసింగిలో మంచు కురవడం మానేసి చాలా ఏళ్ళయింది. జనం రావడం మాత్రం మానలేదు. అందరికీ కళ్ళజోళ్ళున్నాయి కదా, ఎవరికి ఏది ఇష్టమో అవి అదే చూపిస్తాయి. ఇక మంచుకేం లోటు?

ఆ కొండ మీద ఉన్నది ఉన్నట్టు ఫొటో తీసి, కాగితం మీద అచ్చువేసి ఇచ్చేవాడు అప్పలనర్సయ్య ఒక్కడే. ఆయనకో పట్టింపు ఉంది. కళ్ళజోడు తీస్తేనే ఫొటో చేతికిస్తాడు.

ఆ రోజు సన్యాసిరావు భార్య భుజం పట్టుకుని వచ్చి, ఆమెతో కలిసి ఫొటో తీయించుకున్నాడు. మనిషి బుగ్గలు పీక్కుపోయి ఉన్నాడు. తల మీద వెంట్రుక లేదు.

"జబ్బు తగ్గిపోనాదండి. రోజూ అద్దంలో సూసుకుంటన్నాను కదా, మొహం నిండుగా వచ్చీసింది" అన్నాడు హుషారుగా.

కళ్ళజోడు పెట్టుకోని అతని భార్య వరహాలమ్మ వెనక నిలబడి, ఫొటో ఇవ్వొద్దన్నట్టు చేతులు జోడించింది. అప్పలనర్సయ్య ఆ చేతులు చూశాడు. చూసి కూడా, "కళ్ళజోడు తియ్యండి బాబూ" అన్నాడు. అబద్ధం ఆడటం ఆయనకి అలవాటు లేదు.

సన్యాసిరావు తీశాడు. ఫొటోలో తన మొహం చూసుకున్నాడు. వెనక మంచు లేని బోడికొండ చూశాడు. ఆ తర్వాత అతని వేలు పక్కనున్న భార్య మొహం మీద ఆగిపోయింది. వాచిన ఆ కళ్ళని మెల్లగా తడిమాడు.

"ఇన్నాళ్ళబట్టీ ఏడుస్తన్నావేటే?" అన్నాడు.